సముద్రం తర్వాత, ముందు బోరు నీళ్ళు: గోదావరి తీరాన కాపురం పెట్టాలనుకునే వారికి

నరసాపురం చుట్టుపక్కల అద్దె ఇళ్ళు వెతుకుతున్నప్పుడు మూడోది మాకు బాగా నచ్చింది. ముందు అరుగు, వెనక దొడ్లో ఎనిమిది కొబ్బరి చెట్లు, డాబా ఎక్కితే దూరంగా వశిష్ఠ, అంటే గోదావరి పాయ. అడ్వాన్సు తీసి ఇవ్వబోతుంటే పక్కింటి పెద్దాయన ప్రహరీ మీంచి పిలిచారు. "బాబూ, ఆ బోరు నీళ్ళు ఓసారి నోట్లో పోసుకుని, అప్పుడివ్వండి డబ్బులు." పుక్కిలించి వెంటనే ఉమ్మేశాను. పెద్దాయన నవ్వలేదు. "మే నెల్లో ఇంకా పెరుగుతాదండి ఉప్పు" అని తన పనిలో తాను పడ్డారు.

ఆ ఇల్లు తీసుకోలేదు. కానీ ఆ గుక్కెడు నీళ్ళతో ఒక సంగతి బోధపడింది. డెల్టాలో ఉండాలనుకునేవాళ్ళు సముద్రం ఎంత దూరమో తర్వాత చూసుకోవచ్చు. తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, వరద నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, వాన నీళ్ళు ఎటు పోతాయి, ఉప్పు నీళ్ళు ఎంత లోపలికి ఎక్కాయి అన్న నాలుగూ ముందు తేల్చుకోవాలి. మా అమ్మ, మా ఆవిడ, నేను హైదరాబాద్ వదిలి వచ్చాం. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, అమ్మకు 78 ఏళ్ళు. కాబట్టి రిటైరైనవాళ్ళ బాధలు, లాప్‌టాప్‌ వాళ్ళ బాధలు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఏ వరసలో చూసుకోవాలో ఆ వరసలోనే రాస్తున్నాను.

చూడటానికి సంక్రాంతికి రావద్దు

అందరూ సంక్రాంతికే వస్తారు. జనవరిలో కోనసీమ పెళ్ళికూతురిలా ఉంటుంది. కాలువల నిండా నీళ్ళు, చల్లగాలి, ప్రభల తీర్థం, బంధువుల ఇంట్లో అరిసెలు. ఆ నాలుగు రోజుల్లో ఇల్లు కొనేసి ఏడాది తిరక్కుండా అమ్మకానికి పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

మూడుసార్లు రండి, ఒక్కోసారి రెండు రాత్రులు ఉండండి. మొదటిసారి మే రెండో సగంలో. సాధారణంగా ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతల వేళకి కాలువలు కట్టేస్తారు, జూన్‌లో గాని వదలరు. ఊరి మంచినీళ్ళ చెరువు అడుక్కి చేరేది, బోర్లలో ఉప్పు తేలేది అప్పుడే. ఆ ఉక్కపోతలో కరెంటు పోతే రాత్రి ఎలా గడుస్తుందో కూడా తెలుస్తుంది. రెండోసారి ఆగస్టులో, గోదావరి ఎర్రబడి వచ్చినప్పుడు. మూడోసారి అక్టోబరు చివర్లోనో నవంబరులోనో, వాయుగుండం కబురు టీవీలో వస్తున్నప్పుడైతే మరీ మంచిది. తుఫాను రోజు రమ్మనడం లేదు. అది వెళ్ళిపోయిన మర్నాడు రండి. ఏ వీధిలో మోకాలి లోతు నీళ్ళున్నాయో, ఏ వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారో చూస్తే సగం పని అయిపోతుంది.

ఏ ఊరు

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది. గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్నది కోనసీమ. వశిష్ఠకు అవతల నరసాపురం, పాలకొల్లు, భీమవరం. గౌతమి ఒడ్డున యానాం. ఈ పటం మనసులో పెట్టుకోకపోతే ఎంతో దగ్గరనుకున్న ఊరికి వంతెన కోసం గంటసేపు తిరగాల్సి వస్తుంది. సఖినేటిపల్లి రేవులో నిలబడితే నరసాపురం ఎదురుగా కనిపిస్తుంది. పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కితే కాసేపే. పంటు లేని వేళ చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి.

నా లెక్కలో నరసాపురం రిటైరైనవాళ్ళకు బాగా కుదిరే ఊరు. రైలు ఇక్కడే మొదలవుతుంది కాబట్టి సామానుతో హడావిడి పడకుండా ఎక్కి కూర్చోవచ్చు. పెద్ద డాక్టర్లున్న భీమవరం సుమారు 30 కిలోమీటర్లు. సముద్రం మీద మనసు పోయిన సాయంత్రం పేరుపాలెం వెళ్ళి రావచ్చు. అమలాపురం ఇంకొంచెం సందడి ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాకు కేంద్రమయ్యాక ఆఫీసులు, అద్దెలు రెండూ పెరిగాయి. అక్కడ బజారు, కాలేజీలు, మెడికల్ కాలేజీ ఆస్పత్రి అన్నీ ఉన్నాయి, రైలు ఒక్కటే లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం లైను వచ్చేస్తుందని చెప్పి స్థలం అమ్మేవాళ్ళుంటారు. పట్టాల మీద రైలు తిరిగాక నమ్మండి. రాజోలు, మలికిపురం వైపు తోటల మధ్య ప్రశాంతంగా ఉంటుంది, అవసరాలకి మాత్రం బండి తీయాల్సిందే. యానాం శుభ్రంగా, తీరుగా ఉండే చిన్న ఊరు. కాకపోతే అది పుదుచ్చేరి పాలనలో ఉంది. రిజిస్ట్రేషన్లు, పథకాలు, కార్డులు అన్నీ వేరే. చుట్టూ ఆంధ్ర, మధ్యలో వేరే కాగితాలు. ఆ ఓపిక ఉన్నవాళ్ళే అటు చూడాలి.

ఇక అచ్చంగా అలల పక్కనే ఇల్లు కావాలంటారా, నేను వద్దంటాను. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్ళనీ రోడ్డునీ ఎలా కోసుకుపోతోందో ఒకసారి కళ్ళతో చూసి రండి. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి రథోత్సవానికి ఇసకేస్తే రాలనంత జనం, మిగతా రోజుల్లో మందుల షాపు వెతుక్కోవాలి. పది పదిహేను కిలోమీటర్లు లోపలికి ఉండి, వారానికోసారి ఒడ్డుకి వెళ్ళి రావడమే మా పద్ధతి.

మెరకా, పల్లమా

ఊరు ఖాయమయ్యాక ఇంటికి వద్దాం. ఇక్కడ మొదటి ప్రశ్న: ఇల్లు ఏటిగట్టుకి ఇవతలా, అవతలా? గట్టుకి అవతల, అంటే ఏటివైపు ఉన్న లంకలు చూడటానికి స్వర్గంలా ఉంటాయి. అద్దె కూడా తక్కువ. పెద్ద వరదొస్తే పడవ మీద బయటికి రావాలి. 1986 ఆగస్టు వరద ఇక్కడి పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఒక కొలబద్ద. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు లంకలన్నీ మునిగాయి. ఇల్లు చూపించేవాళ్ళని "వరద వస్తుందా?" అని అడక్కండి, రాదనే చెబుతారు. "2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, చెయ్యి పెట్టి చూపించండి" అని అడగండి. గోడ మీద ఆ గుర్తు ఉంటుంది. పైన సున్నం వేసినా కింద చెమ్మ చారలు చెబుతాయి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. క్యూసెక్కుల్లో చెప్పాలంటే 10, 13, 17 లక్షలు. వర్షాకాలంలో ఇక్కడ జనం క్రికెట్ స్కోరులా ఈ అంకెలు చెప్పుకుంటారు. మీ వీధికి ఏ హెచ్చరిక దగ్గర నీళ్ళొస్తాయో ఇరుగుపొరుగుని అడిగి తెలుసుకుని ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. మా ఇంటి ఫ్రిజ్ మీద ఉంది.

గట్టుకి ఇవతల వరద భయం తగ్గుతుంది గానీ వాన నీళ్ళు బయటికి పోకపోవడం అనే ఇంకో బాధ ఉంది. డెల్టా బల్లపరుపు నేల. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువలు వెనక్కి తంతాయి. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంటే ఆ వీధి వదిలేయండి. ఇంటి గచ్చు రోడ్డు కన్నా కనీసం రెండడుగులు ఎత్తుండాలి. పాత ఇళ్ళు చూడండి, నాలుగైదు మెట్లెక్కితే గాని అరుగు రాదు. వాళ్ళకి తెలుసు.

తర్వాత చుట్టుపక్కల చూడండి. రొయ్యల చెరువులుంటే రాత్రి పదింటికి మళ్ళీ రండి. పగలు తళతళ మెరిసే ఆ నీళ్ళలో రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి. ఆ చప్పుడుకి అలవాటు పడినవాళ్ళున్నారు, మా ఆవిడ పడలేదు. పైగా చెరువుల పక్క బోర్లలో ఉప్పు త్వరగా ఎక్కుతుంది. గ్యాస్ పైపులైను గుర్తు రాళ్ళు కనిపిస్తే ఇంటికీ వాటికీ ఎంత దూరమో చూసుకోండి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలిన సంగతి ఈ ప్రాంతం మర్చిపోలేదు.

కొబ్బరి చెట్లు డాబా మీదికి వాలి ఉంటే అందం సరే, నీళ్ళ ట్యాంకు, కారు అద్దం, మనిషి బుర్ర మూడూ ప్రమాదంలోనే ఉంటాయి. నెలన్నరకో రెండు నెలలకో దింపు తీయించాలి, అంటే కాయలు కోయించాలి. ఆ పనివాళ్ళు పిలవగానే రారు కాబట్టి ఇంటాయన దింపు ఎవరితో తీయిస్తున్నారో అడిగి పెట్టుకోండి.

ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. గేటు, కిటికీ ఊచలు, ఏసీ బయటి యూనిట్ చేత్తో తాకి చూడండి. స్లాబు పెచ్చులూడి లోపలి ఊచ కనిపిస్తుంటే పైన ఎంత రంగేసినా ఆ ఇల్లు వద్దు.

తాగే నీళ్ళు, వాడుకునే నీళ్ళు

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) దొరుకుతుంది. ఇల్లు చూడటానికి వచ్చేటప్పుడు జేబులో వేసుకోండి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. నాకు నచ్చిన ఆ మూడో ఇంట్లో మీటరు పెట్టాల్సిన అవసరమే రాలేదనుకోండి. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు ఎక్కువ కాలం బతకదు.

మీటరు చెప్పేది ఉప్పు సంగతే. క్రిముల గురించి దానికి తెలియదు. అందుకని ఒకసారి ల్యాబులో కూడా పరీక్ష చేయించడం మంచిది.

మేం ఇప్పుడున్న ఇంట్లో పద్ధతి ఇది. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు, అంటే కాలువ నీళ్ళు చెరువులో నింపి శుద్ధి చేసి వదిలేవి, కింద సంపులో పడతాయి. వంటకీ స్నానాలకీ అవే. బోరు నీళ్ళు మరుగుదొడ్డికి, మొక్కలకి. తాగడానికి 20 లీటర్ల టిన్నులు. కాలువలు కట్టేసిన రోజుల్లో కుళాయి రోజు విడిచి రోజు వచ్చినా గడవాలంటే ముగ్గురికి రెండు వేల లీటర్ల సంపు తక్కువ కాదు. సంపు లేని ఇంట్లో దిగితే మేలో మీరు బిందెలు లెక్కపెడుతూ కూర్చుంటారు.

నెట్టు, కరెంటు

రిటైరైనవాళ్ళు ఈ భాగం దాటేయొచ్చు. మనవలతో వీడియో కాల్ మాట్లాడేవాళ్ళయితే చదవండి.

వచ్చిన మూడో నెలలో ఒక ముఖ్యమైన మీటింగ్‌లో నేను మాట్లాడుతుండగా నెట్టు పోయింది. మా లైను వేసిన ఆపరేటర్ మనిషిని పంపుతా, పంపుతా అంటూ నాలుగు రోజులు తిప్పాడు. చివరికి నేనే స్తంభాల వెంట నడిచి చూస్తే, డ్రెయిన్ పూడిక తీస్తున్న ప్రొక్లైనర్ బకెట్‌కి తగిలి తీగ తెగి గట్టు మీద పడి ఉంది. ఆ తీగ మీద ఎవరో తువ్వాలు ఆరేశారు కూడా.

అప్పట్నుంచి రెండు లైన్లు. ఇక్కడ కిటుకేమిటంటే, రెండు కంపెనీల పేర్లు వేరైనా ఒకే స్తంభాల మీంచి వస్తే రెండూ కలిసే తెగుతాయి. వీధికి ఆ చివర నుంచి ఒకటి, ఈ చివర నుంచి ఒకటి వచ్చేలా చూసుకోండి. ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే పక్కింటివాళ్ళని "మీకు ఏ నెట్టు, పోయినప్పుడు ఎన్నాళ్ళకి వస్తుంది?" అని అడగండి. స్పీడు ఎంతని ఎవరైనా చెబుతారు, బాగుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందన్నదే మనక్కావాలి. మీ మొబైల్ సిగ్నల్ తలుపులన్నీ వేసుకుని, పని చేసే గదిలో కూర్చుని చూడండి. డాబా మీద అందరికీ వస్తుంది.

కరెంటుకి లెక్క సులువు. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 వోల్టుల మీద 1,800 వాట్ అవర్స్. నష్టాలు పోగా 1,300 మిగులుతాయనుకోండి. లాప్‌టాప్ 60 వాట్లు, రూటరు 15, తక్కువ కరెంటు తాగే ఫ్యాను 30, ఒక లైటు 10 కలిపితే 115. పదకొండు గంటలు వస్తుంది. మామూలు ఫ్యాన్లు రెండు పెడితే అది అయిదు గంటలకి పడిపోతుంది. అందుకని ఇన్వర్టరు కన్నా ముందు ఫ్యాన్లు మార్చండి.

తుఫానుకి మాత్రం ఈ లెక్కలు చాలవు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ తోటల్ని నేలమట్టం చేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తరం వాళ్ళు గాలి చప్పుడు మారితే ఇప్పటికీ నిద్రపోరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. ఇలాంటప్పుడు ముందే కరెంటు తీసేస్తారు. సెల్ టవర్లు డీజిల్ ఉన్నంతసేపే పనిచేస్తాయి. హెచ్చరిక రాగానే మూడు రోజులు సెలవో, రాజమండ్రి వైపు బంధువుల ఇల్లో చూసుకుని, ఆఫీసుకి ఆ సంగతి అక్టోబరు మొదట్లోనే చెప్పి పెట్టండి. తుఫాను రోజున చెబితే సాకులా ఉంటుంది.

ఆస్పత్రి దాకా ఒకసారి నడిపి చూడండి

మ్యాపులో దూరం చూసి సరిపెట్టుకోవద్దు. రాత్రి తొమ్మిదింటికి కారు తీసి, గుండెకి స్టెంటు వేయగల ఆస్పత్రి దాకా వెళ్ళి రండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. దారిలో రైల్వే గేటు ఉందా, ఇరుకు వంతెన ఉందా, పంటు మీద ఆధారపడుతున్నారా? రాత్రిపూట పంటు ఉంటుందని అసలు లెక్కలో వేసుకోకండి. ఆస్పత్రికి ప్రయాణం గంట దాటితే, గుండె జబ్బున్న పెద్దవాళ్ళతో ఆ ఊళ్ళో ఉండటం మంచిది కాదని నా అభిప్రాయం. అమ్మ విషయంలో మేం నలభై నిమిషాలు గీత పెట్టుకున్నాం. బాగా నచ్చిన రెండు ఊళ్ళు ఆ గీత దగ్గరే పోయాయి.

70 ఏళ్ళు దాటినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. ఏ ఆస్పత్రి దాన్ని తీసుకుంటుందో రోగం రాకముందే వెళ్ళి అడగండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో పాము కాటు మందు ఉందో లేదో కూడా. తోటలున్న చోట పాములుంటాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. రాత్రి దొడ్లోకి టార్చి లేకుండా వెళ్ళకపోతే చాలు.

ఏడాది అద్దె, ఆ తర్వాతే కొనడం

ఒక సార్వా (వానాకాలపు పంట), ఒక దాళ్వా, ఒక వరద, ఒక వాయుగుండం చూడకుండా కొనొద్దు. అద్దె ఒప్పందంలో సంపు మోటారు బాగుచేయించేది ఎవరు, కొబ్బరికాయలు ఎవరివి అన్న రెండూ రాయించుకోండి. నవ్వకండి, కాయల దగ్గరే మాటలు పడతాయి.

కొనేటప్పుడు డెల్టాలో ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయి. ఈసీ, అడంగల్, 1బీ లాంటి భూమి కాగితాలు అందరూ చూస్తారు. దాంతోపాటు ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూములవి) ఉందేమో చూడండి. ఇక్కడ దేవాలయాల మాన్యాలు ఎక్కువ. మూడు తరాలుగా సాగు చేసుకుంటున్నా భూమి దేవుడిదే అయి ఉండొచ్చు. డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి అంటే లాయరుకి చూపించకుండా పైసా కదపొద్దు. సముద్రానికి 500 మీటర్ల లోపు, పోటు నీళ్ళెక్కే పాయల పక్కన సీఆర్‌జడ్ అనే తీరప్రాంత నిబంధనలుంటాయి. "అందరూ కట్టేశారండీ" అన్న మాట అనుమతి కాదు. రొయ్యల చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన చోట మట్టి ఇంకా దిగుతూనే ఉంటుంది. కాంపౌండు గోడల్లో పగుళ్ళు చూస్తే తెలిసిపోతుంది. ఆంధ్రలో రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ, మిగతా సుంకాలతో కలిపి 7.5 శాతం దాకా అవుతుంది. బేరం ఆడేటప్పుడే అది కలుపుకోండి.

కాగితాల సంగతి తేలికే. ఆధార్ చిరునామా, గ్యాసు, బ్యాంకు మార్చుకోవాలి. ఓటుకి ఫారం 8. చాలావరకు వార్డు సచివాలయంలో అడిగితే దారి చెబుతారు. పెన్షనర్లు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు.

ప్రశాంతత అంటే నిశ్శబ్దం అనుకుంటే

కార్తీక మాసంలో తెల్లవారుజామున నాలుగింటికి గుడి మైకు, ఆదివారం చర్చి మైకు, పెళ్ళిళ్ళ సీజనులో డీజే. సంక్రాంతి మూడు రోజులూ పందేల బరుల వైపు కార్లు. ఇవన్నీ ఉంటాయి. మేడ మీద తలుపులేసుకుని పనిచేసుకుంటే పొగరనుకుంటారు. మొదటి వారంలో కనీసం పదిమంది "మీదే ఊరండీ, ఎవరబ్బాయండీ?" అని అడుగుతారు. నాకు మొదట్లో చిరాకేసింది. తర్వాత అర్థమైంది, వాళ్ళు నాకో చిరునామా రాసుకుంటున్నారని. మొంథా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, మా ఇంటికి అడ్డంగా పడ్డ కొబ్బరి మట్టలు ఈడ్చేయడానికి వచ్చినవాళ్ళు ఆ పదిమందిలోవాళ్ళే. "ఆయ్, పెద్దావిడ ఉన్నారు గదండీ ఇంట్లో" అన్నారు, నేను పిలవకుండానే.

సామాను ఎప్పుడు దించాలి

ఫిబ్రవరిలో. తుఫానుల కాలం వెళ్ళిపోయి ఉంటుంది, ఎండలు ముదరవు, కాలువలు పారుతుంటాయి. ఇన్వర్టరు బిగించడానికీ, సంపు కడిగించడానికీ, రెండో నెట్టు లైను వేయించడానికీ ఏప్రిల్ దాకా టైముంటుంది. ఇనుప బీరువా, ఇనుప మంచాలు అక్కడే అమ్మేసి రండి. పుస్తకాలు తెస్తే గాలి తగిలే అలమారలో, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. మేం అలా పెట్టలేదు. మొదటి వర్షాకాలం అయ్యేసరికి నా పుస్తకాలన్నీ బూజు పట్టాయి. అమ్మ వాటిని డాబా మీద ఆవకాయ ముక్కల్లా వరసగా ఎండబెట్టి, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది.